హారతి రైఫిలుకి నచ్చిన పెల్లెట్లు

నరసాపురంలో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఎక్కడని అడిగితే చెయ్యి చాపి చూపిస్తారు. అందులో ఎయిర్ రైఫిల్ రేంజి నడిపే త్రిమూర్తుల్ని కలవాలంటే మాత్రం, "తుపాకీల మూర్తులు గారాండీ? తీరిక ఉంటేనే వెళ్ళండి మరి" అని నవ్వుతారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ రైఫిళ్ళలో వేసే సీసపు గుళ్ళ, అదే పెల్లెట్ల, ఊసు ఒక్కటి ఎత్తామంటే చాలు, అతను తెప్పించిన టీ చల్లారిపోయి, రెండోసారి తెప్పించిన టీ కూడా చల్లారిపోవలసిందే. కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తండ్రులు ఎంత ఫీజో కనుక్కుందామని వచ్చి, సీసం గురించి సగం పూట విని వెళ్ళేవారు.

ఊరందరి చెవులూ తినేసే ఈ మనిషి ఇంటి గుమ్మం దాటేసరికి మూగవాడైపోయేవాడు. అన్నం పెట్టమనడం, కూరలో ఉప్పు ఎక్కువైందనడం, ఫ్యాను వెయ్యమనడం. భార్యతో అతని మాటలు అక్కడికి సరి. కోపిష్టి కాదు, తాగుబోతు కాదు, చెయ్యెత్తిన పాపాన పోలేదు. అందుకే ఆ మౌనాన్ని ఎవరూ తప్పుగా లెక్కవెయ్యలేదు. లోవమ్మ కూడా వెయ్యలేదు.

త్రిమూర్తులు తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. పెద్ద కొడుకు పడవెక్కాడు. చిన్నవాడు త్రిమూర్తులు నేవీలో చేరాడు. ఊగే పడవలో కాళ్ళు నిలదొక్కుకోవడం పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి రైఫిల్ చేతికివ్వగానే గురి కుదిరింది. పోటీలకి వెళ్ళే జట్టులో చోటు దొరికింది. కానీ ఒక పెద్ద పోటీలో అతని దెబ్బలు టార్గెట్ మీద చిందరవందరగా పడ్డాయి. అదే రైఫిల్, అదే మనిషి, అదే ఊపిరి. మారిందల్లా తూటాల పెట్టె. అప్పటిదాకా వాడినవి అయిపోతే అదే కంపెనీవి మరో పెట్టె తెరిచి ఇచ్చారు. "నీ చెయ్యి వణికింది" అన్నాడు పై అధికారి. వణకలేదని త్రిమూర్తులుకి తెలుసు. ఆ రోజు నుంచి పెట్టెల మీద సన్నగా అచ్చేసిన బ్యాచ్ నంబర్లు చదవడం మొదలుపెట్టాడు. చదువు అలా ఒంటబట్టింది.

"తుపాకీ గొట్టానికీ నాలుక ఉంటుందండి" అనేవాడు రేంజికి వచ్చినవాళ్ళతో. "ఒకే కంపెనీ, ఒకే బరువు, ఒకే డబ్బా. ఒక బ్యాచ్ పెడితే తింటుంది, ఇంకో బ్యాచ్ పెడితే ఉమ్మేస్తుంది. పక్క రైఫిలుకి నచ్చింది దీనికి నచ్చాలని రూలేం లేదు. డబ్బున్నోడు రైఫిల్ మారుస్తాడండి. బుద్ధున్నోడు ముందు పెల్లెట్ మార్చి చూస్తాడు."

నేవీ నుంచి వచ్చేశాక పొడుగ్గా ఉందన్న ఒక్క కారణంతో ఆ పాత ఐసు ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. పది మీటర్ల రేంజికి సరిపోయింది. గోడలు మాత్రం ఎండాకాలంలో కూడా చెమ్మ కక్కేవి. అందుకని పెల్లెట్ల డబ్బాలు షెడ్డులో ఉంచేవాడు కాదు, చెమ్మకి సీసం తెల్లబడిపోతుంది. ఇంట్లో బీరువా కింది అరలో పెట్టుకునేవాడు. బీరువా తాళాలు, ఏ ఇంట్లోనైనా ఉన్నట్టే, ఇల్లాలి నడుముకి ఉండేవి.

వీళ్ళకి ఒక్కతే కూతురు, హారతి. బడి వదలగానే తండ్రి దగ్గరికి షెడ్డుకి పోయేది. టార్గెట్ కార్డుల మీద చిల్లులు లెక్కబెట్టే వయసు నుంచి చిల్లులు పొడిచే వయసుకి ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. ఆ పిల్ల నిలబడి రైఫిల్ ఎత్తి చెంప ఆనిస్తే చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా ఊపిరి నెమ్మదించేది. కూతురికి సామాను ఎంచడంలో త్రిమూర్తులు పడ్డ అవస్థ పెళ్ళికొడుకుని ఎంచేవాళ్ళు కూడా పడరు. ముందు జాకెట్ అన్నాడు. ఒళ్ళు కదలకుండా పట్టి నిలిపేది జాకెట్టే, రైఫిల్ తర్వాత సంగతి అని అతని వాదన. తర్వాత బూట్లు, తర్వాత ఎడమచేతికి గ్లవుజు. అన్నీ కుదిరాకే హైదరాబాదులో ఒక షూటర్ వాడి వదిలేసిన విదేశీ రైఫిల్ కొన్నాడు. చెంప ఆనించే చెక్కని ఆ పిల్ల ముఖానికి సరిపడేలా వెంట్రుకవాసి పైకీ కిందకీ జరిపి, ఆ వేసవి సెలవులన్నీ దానికే ధారపోశాడు.

లోవమ్మకి ఇదంతా మొదటినుంచీ గిట్టలేదు. ఆమె లేసు అల్లే మనిషి. కంట్రాక్టరు ఇచ్చిన దారం తెచ్చుకుని, వీధి అరుగు మీద కూర్చుని, మాట్లాడుతూనే వేళ్ళ కింద పువ్వులు పుట్టించేది. త్రిమూర్తులు వరసకి మేనమామ కావడంతో పెళ్ళయిన ఇన్నేళ్ళకీ "మావా" అనే పిలిచేది. "ఆడపిల్ల చేతికి తుపాకీ ఏంటి మావా, వింటేనే ఎబ్బెట్టుగా ఉంది" అని చాన్నాళ్ళు గొణిగింది. ఒకసారి మాత్రం నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఇన్ని డబ్బాలెందుకు మావా? అన్నీ ఒకేలాగున్నాయి కదా."

భూతద్దం పెట్టి కార్డు చూసుకుంటున్న త్రిమూర్తులు తలెత్తలేదు. "నీకు అర్థం కాదులే" అన్నాడు.

విసుక్కోలేదు. మామూలుగానే అన్నాడు. అన్నట్టు కూడా గుర్తుపెట్టుకోలేదు. ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

హారతికి డిగ్రీ అయిపోయింది. జూనియర్ల విభాగంలో ఆడటానికి అదే ఆఖరి ఏడాది. దసరా తర్వాత రాష్ట్ర పోటీలు. అందులో అర్హత స్కోరు దాటితే జాతీయ పోటీలకి పంపుతారు. అక్కడిదాకా వెళ్ళిన పిల్లలకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాల దారి ఉంటుంది, రైఫిల్ వదలనక్కర్లేదు. దాటకపోతే రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. అది వద్దనే స్థితిలో ఇల్లు లేదు. ఇది ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

ఆ ఎండాకాలమంతా తండ్రీకూతుళ్ళు షెడ్డులోనే కాపురం పెట్టారు. రైఫిల్‌ని సిమెంటు దిమ్మకి బిగించిన వైస్‌లో కదలకుండా పట్టించి, ఒక్కో బ్యాచ్ పెల్లెట్లు కొన్ని కొన్ని కాల్చి చూశారు. మనిషి చెయ్యి తగలదు కాబట్టి తప్పంతా పెల్లెట్‌దే, ఒప్పంతా పెల్లెట్‌దే. కొన్ని బ్యాచ్‌లు శనగగింజంత చిల్లు పెట్టాయి. కొన్ని రెండు చోట్ల పడ్డాయి. హైదరాబాదు డీలరు పంపిన రకాలన్నీ అయిపోయి ఇక లాభం లేదనుకున్నాక, ఆఖరున తెరిచిన డబ్బా పెల్లెట్లు ఒకదాని వెనక ఒకటి ఒకే కన్నంలోంచి దూరిపోయాయి. కార్డు మీద మిరియపు గింజంత చిల్లు, అంతే. హారతి కార్డుని దీపానికి ఎదురుగా పట్టుకుని నవ్వింది.

"దొరికింది నాన్నా."

"దొరికిందమ్మా" అన్నాడు త్రిమూర్తులు. కుర్రతనంలో తను పోగొట్టుకున్నదేదో కూతురి చేతికి చేరినట్టు అనిపించింది.

ఆ బ్యాచ్‌లో డీలరు దగ్గర మిగిలిన డబ్బాలన్నీ తెప్పించేశాడు. "ఇవే ఆఖరివండి, మళ్ళీ సరుకు ఎప్పుడొస్తుందో చెప్పలేను" అన్నాడు డీలరు. మూతల మీద ఎర్ర సిరాతో గీత గీసి, పోటీకి తప్ప ముట్టనని బీరువాలో పెట్టుకున్నాడు. పక్కనే ప్రాక్టీసుకి వాడే నాసిరకం డబ్బాలు కూడా ఉన్నాయి. గీత ఎందుకో ఇంట్లో చెప్పాలని తోచలేదు. తనకి తెలుసు, కూతురికి తెలుసు, అది చాలనుకున్నాడు.

దసరా వచ్చింది. నవమి రోజు పొద్దున్నే తండ్రీకూతుళ్ళు భీమవరం వెళ్ళారు. హారతి బాగా సన్నబడటంతో షూటింగ్ జాకెట్ వదులైంది. అంత మందపు గుడ్డ మామూలు మిషను మీద కుట్టుపడదు. కార్ల సీటు కవర్లు కుట్టే అతను పండగ పూటే చేసిస్తానన్నాడు.

వాళ్ళు వెళ్ళాక లోవమ్మ తలంటుకుంది. ఆమె మనసు ఎప్పుడు మారిందో ఆమెకే తెలియాలి. పిల్ల చెంప మీద రైఫిల్ చెక్క ఒత్తుకున్న గుర్తు చూసో, తిండి మానేసి గోడకేసి గురిచూసే ఆ పట్టుదల చూసో, "ఇదే నా పిల్ల బతుకు" అనుకుంది. అనుకున్నాక తనకి చేతనైనది చెయ్యాలి కదా. ఆమెకి చేతనైనది పూజ.

ఆమె పుట్టింట ఆయుధపూజంటే వేట సామానుకే. పడవకి పసుపు, వలకి కుంకం. గాలాలైతే ఇంట్లో ఉన్నవన్నీ ఏరి, పసుపు నీళ్ళలో కడిగి, ఒకే పళ్ళెంలో రాశి పోసి గంగమ్మ ముందు పెట్టేవారు. వేటకెళ్ళే సరుకు విడివిడిగా పెడితే అమ్మవారు దేన్ని చూడాలో తెలియక చూపు తిప్పుకుంటుందని వాళ్ళమ్మ నేర్పింది. లోవమ్మ అమ్మ మాట జవదాటలేదు. రైఫిల్ తుడిచి బొట్టు పెట్టింది. బీరువా తెరిచి, ఎర్ర గీతవీ గీత లేనివీ డబ్బాలన్నీ తీసి, పెల్లెట్లు పసుపు నీళ్ళలో కడిగి, చీర కొంగు మీద ఆరబెట్టి, పెద్ద ఇత్తడి పళ్ళెంలో రాశి పోసింది. పైన కుంకం చల్లింది. ఖాళీ డబ్బాలు ఊరికే పెట్టడమెందుకని మూతలతో సహా చింతపండు పెట్టి తోమింది.

మధ్యాహ్నం వాళ్ళు ఇంటికొచ్చేసరికి రాశి ముందు దీపం వెలుగుతోంది. పక్కన లోవమ్మ పట్టుచీరలో నిలబడి ఉంది. పెళ్ళినాటి ముఖం మళ్ళీ వచ్చినట్టుంది.

"రండి, రండి. నేనే చేసేను పూజ. ఇంక నా బంగారుతల్లికి తిరుగులేదు" అంది.

త్రిమూర్తులు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎండాకాలమంతా గింజ గింజా ఏరుకున్నది అక్కడ కుప్పగా పడి ఉంది. ఏది మంచిదో ఏది కాదో ఇక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పెల్లెట్ల వెనక అంచులు పల్చటి సీసపు రేకు, ఒకదానికొకటి రాసుకుంటేనే నొక్కుకుపోతాయి. నోరు తెరిచాడు. హారతి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎంత బాగా చేశావమ్మా" అంది తల్లితో. వంగి దణ్ణం పెట్టుకుంది. పులిహోర పెట్టించుకుని తింది. ఒక్కో ముద్దా ఎలా మింగిందో తండ్రికి మాత్రమే తెలుసు.

షెడ్డుకి వెళ్ళాక ఆ పిల్ల అన్న మాట ఒక్కటే. "అమ్మకి చెప్పకు నాన్నా. చెప్తే చచ్చిపోద్ది."

ఆ రాశిలోంచి కొన్ని వైస్‌లో పెట్టి కాల్చారు. ఒకటి మధ్యలో పడితే ఒకటి పక్కకి పోయింది. తూచి వేరుచేద్దామని చూశాడు, బరువులో తేడా లేదు. డీలరుకి ఫోన్ చేశాడు, ఆ బ్యాచ్ లేదు. రాజమండ్రిలో రేంజి నడిపే పాత స్నేహితుడు సత్యప్రసాద్ సంగతి విని, మారుమాట లేకుండా తన షూటర్ల కోసం దాచిన డబ్బా ఒకటి బస్సులో పంపించాడు. అది మంచి పెల్లెట్టే, కాకపోతే ఇంకెవరి రైఫిలుకో మంచిది. హారతి రైఫిల్ దాంతో శనగగింజంత చిల్లే పెట్టింది. అయినా ఉన్నవాటిలో అదే మేలు. దాంతోనే పోటీకి వెళ్ళారు.

పోటీలో హారతి జీవితంలో ఎన్నడూ నిలబడనంత బాగా నిలబడింది. వెనక కుర్చీలో కూర్చుని త్రిమూర్తులు చూస్తున్నాడు. భుజం కదలలేదు, వేలు తొందరపడలేదు. పదిలో పడవలసిన దెబ్బ తొమ్మిది గీత మీద తేలినప్పుడల్లా ఆ పిల్ల ముఖంలో ఏమీ కనిపించలేదు. మళ్ళీ రైఫిల్ ఎత్తేది. తప్పు తనది కాదని తెలిసి కూడా దెబ్బ తర్వాత దెబ్బ అలా ఒప్పుకుంటూ పోవడం చూడలేక, చివర్లో అతను లేచి బయటికి వెళ్ళి చెట్టు కింద నిలబడ్డాడు. అర్హత స్కోరుకి నిండా ఒక్క పాయింటు కూడా తక్కువ కాలేదు. పాయింటులో ముక్క తక్కువై అర్హత తప్పింది. సంచీ భుజానికేసుకుని హారతి బయటికొచ్చి, "టీ తాగుదామా నాన్నా?" అంది. అతనికి ఏడుపొచ్చింది. ఆ పిల్లకి రాలేదు.

వాళ్ళు ఇంటికొచ్చాక లోవమ్మ ఒక్క నిష్ఠూరం ఆడలేదు. కూతురికి నూనె రాసి తలంటింది, చేపల పులుసు పెట్టింది. తను మాత్రం తినడం తగ్గించేసింది. శుక్రవారం ఒక్కపొద్దు కాస్తా రోజూ ఒక్కపొద్దయింది. లేసు పని మూలపడింది. ఏంటని అడిగితే, "నా నోరే మావా" అంది. "ఆడపిల్లకి తుపాకీ ఏంటని ఎన్నిసార్లు అన్నాను! ఆ మాటే తగిలింది. చివర్లో పూజ చేస్తే అమ్మవారు మర్చిపోద్దా? అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుంటాను. తప్పయిపోయిందని చెంపలేసుకుంటాను."

త్రిమూర్తులు కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. చెబితే చెయ్యని పాపం పోయి చేసిన పొరపాటు నెత్తిన పడుతుంది. చెప్పకపోతే లేని శాపాన్ని పట్టుకుని మనిషి ఎండిపోతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక మధ్యాహ్నం అరుగు మీద స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్న ఆమెని చూశాడు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. కూతురికిచ్చిన మాట పక్కనపెట్టి ఎదురుగా కూర్చున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెకి తన పని గురించి చెప్పాడు. తూటాల పెట్టె మారడంతో తను ఓడిపోయిన రోజు నుంచి మొదలుపెట్టి, గొట్టాల రుచులు, బ్యాచ్ నంబర్లు, ఎర్ర గీతలు, పళ్ళెంలో రాశి దాకా, దాపరికం లేకుండా చెప్పాడు. ఆమె కేకలు పెడుతుందనుకున్నాడు. గుండెలు బాదుకుంటుందనుకున్నాడు.

లోవమ్మ ఆసాంతం విన్నది.

"లాటు కలిసిపోయిందన్నమాట" అంది చివరికి.

త్రిమూర్తులు తలెత్తాడు.

"లేసు దారమూ అంతే కదా మావా. ఒకే కంపెనీ, ఒకే నంబరు, ఒకే తెలుపు. కళ్ళకి తేడా తెలీదు. వేరే విడత తయారైన లాటు కలిపి అల్లేమంటే ఉతికేక చార తేలిపోద్ది, బల్లగుడ్డంతా పాడు. అందుకే లాటు చీటీ చింపకుండా దాస్తాం. దారం చాలకపోతే పని ఆపేస్తాం గానీ కలపం. ఇది నాకు తెలీని సంగతా?" ఆమె గొంతు పెరగలేదు. "డబ్బాలన్నీ ఒకేలాగున్నాయని నేనడిగేను నిన్ను. నీకు అర్థం కాదులే అన్నావు. లాటు వేరు లోవా అని ఒక్క మాట అనుంటే, ఆ మూతలు ముట్టుకునేదాన్నా?"

ఊరందరికీ చెప్పిన మాట. టీ తాగడానికొచ్చిన ముక్కూమొహం తెలియని వాళ్ళకి కూడా చెప్పిన మాట. ఇంట్లో, అందరికన్నా ముందు అర్థం చేసుకునే మనిషికి చెప్పలేదు. ఆ మాట విలువ తన బిడ్డ బతుకని తెలిసి అతను తల దించుకుని ఏడ్చాడు. ఆమె వద్దనలేదు, ఓదార్చనూ లేదు.

లోపల హారతి రొయ్యల ఫ్యాక్టరీ హాస్టలుకి బట్టలు సర్దుకుంటోంది. మర్నాడు చేరాలి.

"ఓసారి షెడ్డుకి రా లోవా" అన్నాడు త్రిమూర్తులు ముఖం తుడుచుకుని. "అంతా చూపిస్తాను. ఎలా ఎంచుతామో."

"ఇప్పుడెందుకు మావా" అంది లోవమ్మ. కూతురి చీర మడత పెట్టడానికి లేచి లోపలికి వెళ్ళింది.